బడ్జెట్ చాలనప్పుడు సినిమాలో ఏం మారుతుంది

1976లో వచ్చిన బాక్సింగ్ సినిమా 'రాకీ'లో హీరో తను ఇష్టపడ్డ అమ్మాయిని మొదటిసారి బయటికి తీసుకెళ్లేది ఒక ఐస్ స్కేటింగ్ రింకుకి. స్క్రిప్టులో రాసుకున్నప్పుడు ఆ రింకు నిండా జనం ఉన్నారు. తీరా షూటింగ్ దగ్గరికొచ్చేసరికి అంతమంది జూనియర్ ఆర్టిస్టులని పెట్టే డబ్బు లేదు. దాంతో సీను తిరగరాశారు. రింకు మూసేసే టైముకి వీళ్లు వెళ్తారు, అక్కడి మనిషి కుదరదంటాడు, హీరో బేరమాడి పది డాలర్లు చేతిలో పెడితే పది నిమిషాలు ఇస్తాడు. ఆమె స్కేట్స్ మీద తడబడుతుంటే అతను మామూలు బూట్లతోనే పక్కన నడుస్తూ తన గోడు చెప్పుకుంటుంటాడు, ఇంకా ఇన్ని నిమిషాలే ఉంది అని ఆ మనిషి దూరం నుంచి అరుస్తూ ఉంటాడు. జనంతో తీసి ఉంటే అది చాలా సినిమాల్లో ఉండే షికారు సీను అయ్యేది. ఖాళీ రింకు వల్ల ఆ ఇద్దరికీ ప్రపంచంలో ఇంకెవరూ లేరన్న సంగతి ఒక్క డైలాగు కూడా లేకుండా తెలిసిపోతుంది.

అదే సినిమాలో ఇంకోటి ఉంది. ఫైనల్ ఫైట్ జరిగే చోట కట్టిన పెద్ద బ్యానర్ మీద హీరో నిక్కరు రంగు తప్పు పడింది. మళ్లీ గీయించే వీలు లేదు. ఆ తప్పునే కథలో కలిపేశారు. ఫైటుకి ముందు రోజు రాత్రి హీరో ఒంటరిగా అక్కడికొచ్చి బ్యానర్ చూసి, నా నిక్కరు రంగు అది కాదండీ అంటాడు. దానికేముందిలే, పర్వాలేదు అని ప్రొమోటర్ కొట్టిపారేస్తాడు. అంతే, హీరో ఇంటికెళ్లి నేను గెలవలేను అని చెప్తాడు. ఆ రాత్రి అతను ఎంత చిన్నవాడో, ఆ ఆటలో అతన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోవట్లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి సీను కూర్చుని రాసినా రాదేమో. పది లక్షల డాలర్లు, అటూఇటుగా నాలుగు వారాల షూటింగ్ తప్ప ఇంకేమీ లేని ఆ సినిమా అమెరికాలోనే 11 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది.

చిన్న సినిమాలు ఎందుకు నచ్చుతాయి అని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఒకటుంది: వాటిలో నిజాయితీ ఉంటుంది, మనసు పెట్టి తీస్తారు అని. వినడానికి బాగుంటుంది కానీ దీనివల్ల తెలిసేదేమీ లేదు. పెద్ద సినిమాకి పనిచేసేవాళ్లు మనసు ఇంట్లో పెట్టి వస్తారా? రాత్రంతా కూర్చుని ఒక రాక్షసుడి ఒంటి మీద వెంట్రుకలు కదిలించే గ్రాఫిక్స్ ఆర్టిస్టు కూడా ప్రాణం పెట్టే పనిచేస్తాడు. కాబట్టి మనసు సంగతి పక్కన పెట్టి నిర్ణయాల సంగతి చూడాలి. డబ్బు చాలనప్పుడు దర్శకుడు ఏం వదిలేస్తాడు, వదిలేసిన చోట ఏం పెడతాడు, ఆ ఖాళీలో ప్రేక్షకుడు ఏం చేస్తాడు అనేది అసలు విషయం.

భయపెట్టే సినిమాల్లో ఇది అన్నిటికంటే ముందు తేలింది. 1942లో ఆర్కేవో స్టూడియో వాల్ లూటన్ అనే నిర్మాతకి లక్షన్నర డాలర్ల లోపు బడ్జెట్, 'క్యాట్ పీపుల్' అనే పేరు ఇచ్చి హారర్ సినిమా తీయమంది. పేరు ముందొచ్చింది, కథ తర్వాత. చిరుతగా మారిపోయే ఆడమనిషి కథ. మారడం చూపించాలంటే మేకప్‌కి డబ్బు కావాలి, చూపిస్తే నవ్వులపాలయ్యే ప్రమాదం కూడా ఉంది. దర్శకుడు జాక్ టర్నర్ చాలావరకు చూపించనే లేదు. ఒకమ్మాయి రాత్రిపూట గోడ పక్కన నడిచి వెళ్తుంటుంది, వెనక ఇంకో జత అడుగుల చప్పుడు, కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆమె ఆగి చూస్తుంది, ఎవరూ లేరు. ఒక్కసారిగా బుస్సుమని శబ్దం. చూస్తే బస్సు వచ్చి బ్రేకు వేసింది! ఈరోజుకీ ఉత్తుత్తి భయంతో ఉలిక్కిపడేలా చేసే ఆ టెక్నిక్‌ని సినిమా వాళ్లు 'లూటన్ బస్' అనే పిలుస్తారు. ఇంకో సీనులో చీకట్లో స్విమ్మింగ్ పూల్, గోడల మీద నీళ్ల వెలుగు, ఎక్కడో గుర్రుమనే శబ్దం, అంతే. చిరుత ఏ మూల ఉందో చూసేవాడే వెతుక్కోవాలి.

ఆ వెతుక్కోవడమే కిటుకు. తెర మీద రాక్షసుడు పూర్తిగా కనిపించాక మనం చేసే పని ఒక్కటే, వాడు బాగున్నాడా లేదా అని మార్కులు వేయడం. గ్రాఫిక్స్ బాగా చేశారనో, తేలిపోయిందనో అనుకుంటాం. కనిపించనంతసేపూ మాత్రం ఎవరి రాక్షసుడు వాళ్లకి ఉంటాడు, పైగా ఎవరికి ఏది భయమో దాన్నిబట్టి తయారవుతాడు, ఇంత ఖచ్చితంగా కొలతలు తీసి కుట్టినట్టు భయాన్ని ఏ గ్రాఫిక్స్ కంపెనీ సరఫరా చేయలేదు.

తమాషా ఏంటంటే, అసలు బ్లాక్‌బస్టర్ల కాలానికి దారి వేసిన 'జాస్' కూడా ఇలాంటి లోటు వల్లే నిలబడింది. అది చిన్న సినిమా కాదు. 40 లక్షల డాలర్లతో మొదలై దాదాపు 90 లక్షలకి చేరింది, 55 రోజుల షెడ్యూల్ 159 రోజులైంది. కారణం, చేయించిన మర సొరచేప ఉప్పు నీళ్లలో దింపగానే మొరాయించడం. చేప పనిచేయక దర్శకుడు స్పీల్‌బర్గ్ నీళ్లని చూపించాడు, నీళ్లలో కొట్టుకుపోయే పసుపుపచ్చ డ్రమ్ములని చూపించాడు, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ రెండే రెండు స్వరాలు వాయించాడు. చేప మొదటి రోజే చెప్పినట్టు విని ఉంటే, 1975 నాటి రబ్బరు చేపని ఇప్పటి పిల్లలు చూసి నవ్వుకునేవాళ్లు.

భయం ఒక్కటే కాదు, చోటు విషయంలోనూ ఇంతే. డబ్బుంటే కథ ఎక్కడికైనా వెళ్తుంది. మంచు కొండ మీద ఒక ఫైటు, ఎడారిలో ఇంకోటి, అక్కడినుంచి అంతరిక్షం. మూడు గంటల్లో పది చోట్లు తిరిగొస్తాం కానీ ఒక్కచోటా కాలు నిలవదు. డబ్బు లేకపోతే ఒకే గది. 1957 నాటి '12 యాంగ్రీ మెన్' 96 నిమిషాల్లో ఓ మూడు నిమిషాలు తప్ప మిగతా అంతా ఒకే జ్యూరీ గదిలో, దాన్ని ఆనుకున్న బాత్రూంలో నడుస్తుంది. దాదాపు మూడున్నర లక్షల డాలర్లలో తీశారు. పన్నెండు మంది మనుషులు, ఒక బల్ల, తిరగని ఫ్యాను, ఉక్కపోత. దర్శకుడు సిడ్నీ లూమెట్ ఇందులో చేసిన పని కంటికి కనిపించదు. మొదట్లో కెమెరాని కళ్ల ఎత్తు కంటే పైన పెట్టాడు, మధ్యలో కళ్లకి సమానంగా దించాడు, చివరికొచ్చేసరికి ఇంకా కిందికి తెచ్చి పైకప్పు కనిపించేలా చేశాడు. లెన్సులు కూడా పోనుపోను పొడుగువి వాడాడు, దాంతో వెనక గోడలు మనుషుల మీదికి దగ్గరగా జరిగినట్టు ఉంటుంది. చూసేవాడికి ఇదేమీ తెలియదు, గాలి ఆడనట్టు అనిపిస్తుందంతే. వంద గదులు కట్టించే స్తోమత ఉంటే ఒక గదిని ఇంతలా పట్టించుకునే అవసరం ఎవరికొస్తుంది? ఆ సినిమా విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదన్నది కూడా చెప్పాలి. చిన్న సినిమా అనగానే కోట్లు కురిశాయన్న కథలే చెప్పుకుంటాం కానీ, చాలా వాటికి దక్కింది ఆలస్యంగా వచ్చిన పేరు మాత్రమే.

కెవిన్ స్మిత్ 'క్లర్క్స్' ఇంకా సరదా. తను పగలు పనిచేసే దుకాణంలోనే రాత్రిళ్లు షూటింగ్, ఖర్చు 27,575 డాలర్లు, అదీ చాలావరకు క్రెడిట్ కార్డుల మీద. కథ మాత్రం పగలు జరగాలి. బయట చీకటి కనిపిస్తే కథ పోతుంది. అందుకని తాళం కప్పలో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారు, షట్టర్ తెరుచుకోవట్లేదు అని రాసుకున్నారు. షట్టర్ మూసే ఉంటుంది కాబట్టి, దుకాణం తెరిచే ఉంది నమ్మండి అని గుడ్డ మీద రాసి బయట వేలాడదీయాల్సి వస్తుంది హీరోకి. సెలవు రోజు పిలిపించి పనిలో ఇరికించిన ఒక కుర్రాడి బతుకు మీద జోకు అది. లైట్లకి డబ్బుండి ఉంటే ఆ జోకు పుట్టేది కాదు.

'ఎల్ మరియాచీ' (1992) తీసిన రాబర్ట్ రోడ్రిగెజ్ దగ్గర ఉన్నది ఏడు వేల డాలర్లు, అందులో కొంత మందుల ప్రయోగాలకి తన ఒంటిని ఇచ్చి సంపాదించింది. కెమెరా చప్పుడు చేస్తుంది కాబట్టి షూటింగ్‌తో పాటు మాటలు రికార్డు చేసే వీలు లేదు. షాట్ అయ్యాక అదే డైలాగు మళ్లీ చెప్పించి విడిగా పట్టుకునేవాడు. ఎడిటింగ్‌లో పెదాలు, మాట కలవని చోటల్లా ఠక్కున ఇంకో షాట్‌కి వెళ్లిపోయాడు. చూసినవాళ్లు ఏమన్నారు? అబ్బ, ఎడిటింగ్ ఎంత స్పీడుగా ఉంది అన్నారు. ట్రాలీ లేదు కాబట్టి వీల్‌చెయిర్లో కూర్చుని కెమెరా పట్టుకుంటే ఇంకొకరు తోశారు. అంతకు ముప్ఫై ఏళ్ల ముందు ఫ్రాన్స్‌లో గోదార్ మొదటి సినిమాకి కెమెరామన్ రావుల్ కుతార్‌ని తోసింది కూడా వీల్‌చెయిర్లోనే. సినిమా చరిత్రలో వీల్‌చెయిర్ చేసిన సేవ మీద విడిగా ఒక వ్యాసం రాయొచ్చు.

డబ్బు లేనివాళ్లు డబ్బు బదులు ఖర్చు పెట్టేది ఒకటుంది, టైము. సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' మొదటి షూటింగ్ 1952లో, విడుదల 1955లో. పిల్లలిద్దరూ రెల్లుపూల మధ్య పరిగెత్తే సీను ఒక ఆదివారం కొంత తీసి, మిగతాది తీయడానికి వారం తర్వాత వెళ్తే పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూలు పూసేదాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో డబ్బులైపోయి నెలల తరబడి షూటింగ్ ఆగింది, ఇన్సూరెన్స్ పాలసీ, భార్య నగలు తాకట్టుకి వెళ్లాయి, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు పెట్టింది. పేరులో దారి ఉంది కదా, ఆ ఖర్చు రోడ్ల పద్దు కింద రాశారు. ఇన్నేళ్లలో అపు పాత్ర వేసిన పిల్లవాడి గొంతు మారకపోవడం, దుర్గ పాత్ర వేసిన పిల్ల ఎదిగిపోకపోవడం, ముసలావిడ పాత్ర వేసిన, ఎనభై దాటిన చునీబాలా దేవి బతికి ఉండటం అనే మూడు అద్భుతాల వల్ల సినిమా బతికిందని రే చెప్పుకునేవాడు. కానీ ఆగిపోయిన నెలల్లో ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అప్పటిదాకా తీసినదాన్ని చూసుకుంటూ, ఎడిటింగ్ చేసుకుంటూ, తీస్తూ తీస్తూనే పని నేర్చుకున్నాడు. రిలీజ్ డేట్ ముందే ప్రకటించి, ఆ తేదీకి తగ్గట్టు వెనక్కి లెక్కేసుకుని పరిగెత్తే పెద్ద సినిమాకి డబ్బు ఎంతున్నా ఈ ఒక్కటీ దొరకదు.

క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' కూడా అంతే. అందరికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి ఏడాది పాటు శనివారాల్లోనే షూటింగ్. ఫిల్ముకి డబ్బు లేదు కాబట్టి నాటకంలా ముందే రిహార్సల్స్ చేసి ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. అంటే కెమెరా ఆన్ చేసేసరికి ఏం కావాలో తేలిపోయి ఉండాలి.

ఇక్కడో ముఖ్యమైన సంగతి ఉంది. డబ్బు ఎక్కువ ఉండటం వల్ల వచ్చే అసలు జబ్బు ఆడంబరం కాదు, నిర్ణయాన్ని వాయిదా వేసుకోగలగడం. ముందు తీసేద్దాం, తర్వాత గ్రాఫిక్స్‌లో చూసుకుందాం అనుకోవచ్చు. హీరో వెనక ఏముండాలో తెలియకపోయినా గ్రీన్ తెర ముందు నిలబెట్టి తీసేయొచ్చు. క్లైమాక్స్ బాలేదంటే రీషూట్ పెట్టొచ్చు. ఇలా ఏ నిర్ణయమూ ఖాయం కాకుండా చివరిదాకా వచ్చిన సినిమాకి ఒక రకమైన చప్పదనం ఉంటుంది. వెలుగు ఎటువైపు నుంచి వస్తుందో తెలియదు, నటుడు దేన్ని చూసి ఆశ్చర్యపోతున్నాడో అతనికే తెలియదు. 2023లో వచ్చిన జపాన్ సినిమా 'గాడ్జిల్లా మైనస్ వన్' దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ. ఒకటిన్నర కోటి డాలర్ల లోపు ఖర్చుతో తీశారట. హాలీవుడ్‌లో ఆ సైజు రాక్షసుడికి పెట్టేదానిలో పదో వంతు. 35 మంది ఆర్టిస్టులు 610 గ్రాఫిక్స్ షాట్లు చేశారు, దర్శకుడు తకాషి యమజాకియే గ్రాఫిక్స్ సూపర్‌వైజర్ కూడా. షాట్ చేసేవాడి పక్కనే ఓకే చెప్పేవాడు కూర్చుని ఉంటే, నలుగురు చేతులు మారి, వారం ఆగి, మార్పులు చెప్పించుకుని మళ్లీ చేసే అవసరం ఉండదు. 2024లో గ్రాఫిక్స్ ఆస్కార్ ఆ సినిమాకే వచ్చింది.

తర్వాతది ముఖాల సంగతి. పెద్ద స్టార్ ఉన్న సినిమాలో హీరో చావడని మనకి ముందే తెలుసు, రెండో భాగం కూడా ప్రకటించేసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కొండ అంచున వేలాడుతున్నా టెన్షన్ రాదు, ఎలా పైకొస్తాడా అన్న కుతూహలం తప్ప. ముక్కూ మొహం తెలియని నటుడు అదే కొండకి వేలాడితే లెక్క వేరు, ఇతను పోయినా పోవచ్చు. అంతేకాదు, తెలియని ముఖం మీద పాత సినిమాల బరువు ఉండదు. ఒక బస్సు డ్రైవర్ పాత్రలో స్టార్ కనిపిస్తే, బస్సు డ్రైవర్ వేషం వేసిన స్టార్‌ని చూస్తాం. 1999లో 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' ఈ ఒక్క ఆధారం మీదే నడిచింది. ముగ్గురు కొత్తవాళ్లు, తమ సొంత పేర్లతోనే, కెమెరాలు వాళ్ల చేతుల్లోనే, అడవిలో రోజులు గడిచేకొద్దీ వాళ్లకిచ్చే తిండి తగ్గించేశారు. ఇది నిజంగా దొరికిన ఫుటేజ్ అని నమ్మినవాళ్లు చాలామంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 కోట్ల డాలర్లు వచ్చాయి. తెలిసిన ముఖం ఒక్కటి ఉన్నా ఆ సినిమా మొదటి నిమిషంలోనే తేలిపోయేది.

ఇప్పటిదాకా చెప్పినవి సినిమా లోపలి సంగతులు. దీని వెనక కటువైన లెక్క ఒకటి ఉంది. థియేటర్లో వచ్చే డబ్బులో దాదాపు సగం థియేటర్ వాళ్లదే. 20 కోట్ల డాలర్లతో తీసిన సినిమాకి పబ్లిసిటీ ఇంకో 10 కోట్లు అనుకుంటే, థియేటర్ల మీదే పెట్టుబడి వెనక్కి రావాలంటే అటూఇటుగా 60 కోట్లు వసూలవ్వాలి. ఇంత డబ్బు ఒక దేశంలోనో, ఒక వయసువాళ్ల దగ్గరో రాదు. పన్నెండేళ్ల పిల్లాడూ రావాలి, వాళ్ల నాయనమ్మా రావాలి, ఆ భాష రాని ఇరవై దేశాలవాళ్లూ రావాలి. అప్పుడేమవుతుంది? మాట మీద నడిచే జోకు ఇంకో భాషలోకి వెళ్లదు కాబట్టి తగ్గుతుంది, గుద్దులాటకి అనువాదం అక్కర్లేదు కాబట్టి పెరుగుతుంది. విలన్ ఏ దేశానికీ కోపం రాని విలన్ అవ్వాలి, అంటే అంతరిక్షం నుంచి దిగినవాడో, పిచ్చి పట్టిన కంప్యూటరో. ముగింపు అర్థం కాలేదని ఎవరూ అనకూడదు. ఇందులో దర్శకుడి పిరికితనం ఏమీ లేదు, ఒక కంపెనీ మొత్తం ఆ ఒక్క సినిమా మీద ఉన్నప్పుడు ఎవరైనా అలాగే చేస్తారు. 1963లో 'క్లియోపాత్రా' ఆ ఏడు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా, అయినా దాని ఖర్చు ధాటికి ఫాక్స్ స్టూడియో దివాలా అంచు దాకా వెళ్లొచ్చింది. 1980లో 'హెవెన్స్ గేట్' నాలుగు కోట్ల డాలర్లు దాటి మింగి, అందులో పదో వంతు కూడా తిరిగి తేలేదు, మరుసటి ఏడాదే యునైటెడ్ ఆర్టిస్ట్స్ చేతులు మారిపోయింది. ఇవి చూసినవాళ్లు ఎవరు సాహసం చేస్తారు?

చిన్న సినిమాకి ఈ బరువు లేదు. అది అందరికీ నచ్చాల్సిన పని లేదు, కొంతమందికి గట్టిగా నచ్చితే చాలు. పదిమందిలో ఏడుగురు మధ్యలో లేచి వెళ్లిపోయినా మిగిలిన ముగ్గురు ఇంకో ముగ్గురికి చెప్తే గట్టెక్కుతుంది. 'గెట్ అవుట్' (2017) లాంటి కథ, అంటే జాతి వివక్ష మీద హారరూ కామెడీ కలిపి చెప్పే కథ, 20 కోట్ల డాలర్లతో తీస్తామంటే ఏ స్టూడియో మీటింగ్‌లోనూ తలుపు దాటేది కాదు. 45 లక్షలతో కాబట్టి తీయనిచ్చారు, 25 కోట్లు తెచ్చింది, దర్శకుడు జోర్డన్ పీల్‌కి స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చింది. దాన్ని నిర్మించిన కంపెనీల్లో ఒకటైన బ్లమ్‌హౌస్ వ్యాపారమే ఇది: బడ్జెట్ తక్కువ, నటులకి ముందిచ్చేది తక్కువ, ఆడితే వాటా. దర్శకుడికి డబ్బుకి బదులు స్వేచ్ఛ ఇస్తారన్నమాట. అలాగని వాళ్లేమీ దానధర్మాలు చేయట్లేదు, పది చిన్న సినిమాల్లో ఎనిమిది పోయినా ఒకటి రెండు మిగతావాటి నష్టం తీర్చేస్తాయన్నది లెక్క.

ఇంతవరకు చదివి చిన్న సినిమాలన్నీ గొప్పవే అనుకుంటే పొరపాటు. నిజానికి చాలావరకు బాగోవు. సండాన్స్ ఫెస్టివల్‌కి ఈమధ్య ఏడాదికి నాలుగు వేలకు పైగా ఫీచర్ సినిమాలు వస్తుంటే వాళ్లు తీసుకునేవి వంద లోపు. మిగిలిన వేలల్లో మసక వెలుతురు, వినపడని మాటలు, మూడు నిమిషాలు కిటికీలోంచి చూస్తూ కూర్చునే హీరో, ఇవన్నీ కావాల్సినన్ని ఉంటాయి. అవి మన దాకా రావు. పెద్ద సినిమా మాత్రం బాగున్నా చెత్తగా ఉన్నా పబ్లిసిటీ బలంతో మన దాకా వచ్చే తీరుతుంది. కాబట్టి మనం పోల్చేది వేలల్లోంచి వడపోసి మిగిలిన చిన్న సినిమాలని, అసలు వడపోతే లేని పెద్ద సినిమాలతో. పోటీ మొదట్లోనే ఒకవైపు మొగ్గి ఉంది.

అంచనాల సంగతి కూడా అలాంటిదే. ఆరు నెలలుగా టీజర్లు, ట్రైలర్లు, పాటలు, ఇంటర్వ్యూలు చూసి వెళ్లిన సినిమా ఎంత బాగున్నా ఇంతేనా అనిపిస్తుంది. ఏమీ తెలియకుండా ఒక రాత్రి తోచక పెట్టుకున్న సినిమా కాస్త బాగున్నా ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపిస్తుంది. మనమే కనిపెట్టామన్న గర్వం కూడా అందులో కొంత కలుస్తుంది, ఒప్పుకోవాలి. జపాన్‌లో 30 లక్షల యెన్‌లతో తీసిన 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' (2017) మామూలు విడుదలలో రెండే థియేటర్లలో మొదలై, చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పగా చెప్పగా వందల థియేటర్లకి పాకి, పెట్టినదానికి వెయ్యి రెట్లు తెచ్చింది. అది అలా పాకడానికి ఇంకో కారణం కూడా ఉంది, చూసినవాడు కథ చెప్పలేడు. చెప్తే పాడైపోతుంది. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, చూస్తుంటే ఇదేం నాసిరకం సినిమారా అనిపిస్తుంది, ఓపిక పట్టి చూడు అని మాత్రమే చెప్పగలం. ఇంత ఓపిక ప్రేక్షకుడి నుంచి అడిగే ధైర్యం పెద్ద బ్యానర్‌కి ఉండదు.

ఇక ఆ చిన్న చిన్న అంకెల మీద కూడా కొంచెం అనుమానం ఉంచుకోవడం మంచిది. ఏడు వేల డాలర్ల సినిమా అని చెప్పే 'ఎల్ మరియాచీ' థియేటర్లో జనం చూసిన రూపంలో ఏడు వేలది కాదు. కొలంబియా స్టూడియో కొన్నాక సౌండ్ బాగుచేయడానికి, పెద్ద ఫిల్ము మీదికి ఎక్కించడానికి, పబ్లిసిటీకి అంతకు ఎన్నో రెట్లు పెట్టింది. 'బ్లెయిర్ విచ్', 'పారానార్మల్ యాక్టివిటీ' లాంటి వాటికీ ఇదే వర్తిస్తుంది. తక్కువ ఖర్చు అన్న మాటే ఒక పోస్టర్. పైగా తక్కువ ఖర్చులో తీశాం అంటే చాలాసార్లు ఎవరికో తక్కువ ఇచ్చాం అనో, అసలు ఇవ్వలేదు అనో అర్థం. స్నేహితులు ఊరికే పనిచేస్తారు, ఇల్లు ఎవరిదో, కారు ఎవరిదో, తిండి అమ్మ వండి పంపిస్తుంది. సినిమా ఆడకపోతే అందరూ కలిసి తీసిన జ్ఞాపకం మిగులుతుంది, ఆడితేనే చిక్కు. 'బ్లెయిర్ విచ్'లో నటించిన ముగ్గురూ పాతికేళ్లు గడిచాక, 2024లో కూడా తమకి న్యాయంగా డబ్బు ఇవ్వమని బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. వాళ్ల సొంత పేర్లు, వాళ్ల సొంత ముఖాలే ఆ సినిమాకి పెట్టుబడి అయినప్పుడు ఆ లేఖలో తప్పు పట్టడానికేమీ లేదు.

డబ్బుతో మాత్రమే అయ్యేవి కూడా ఉన్నాయి, కాదనడం మూర్ఖత్వం. తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎడారి, అందులో చీమంత మనిషి, ఆ అనుభవం గదిలో కూర్చుని ఊహించుకుంటే రాదు. జార్జ్ మిల్లర్ అనే ఒక్క మనిషి ఈ రెండు వైపులా నిలబడి పనిచేశాడు. మొదటి 'మ్యాడ్ మ్యాక్స్' 1979లో దాదాపు నాలుగు లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో తీశాడు. అప్పటికి ఆయన డాక్టర్, ఎమర్జెన్సీ కేసులు చూస్తూ సినిమాకి డబ్బు కూడబెట్టాడు. అదే హీరో పాత్రతో 2015లో తీసిన 'ఫ్యూరీ రోడ్'కి 15 కోట్ల అమెరికా డాలర్లు దాటాయి. నమీబియా ఎడారిలో నెలల తరబడి షూటింగ్, నిజంగా తయారుచేసిన పదుల కొద్దీ బళ్లు, నిజంగా వాటి మీద నుంచి దూకిన స్టంట్‌మెన్. ఇందులో డబ్బు వృథా అయిందని ఎవరూ అనలేరు. ఎందుకంటే అంత డబ్బు చేతికొచ్చినా ఆయన వాయిదా వేసే అలవాటు చేసుకోలేదు, సినిమా మొత్తాన్ని మామూలు స్క్రిప్టులా కాకుండా వేల బొమ్మలుగా ముందే గీయించి పెట్టుకున్నాడు.

రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే తేడా తెలుస్తుంది. కొత్త సినిమాలో బళ్లు గుద్దుకోవడం పది కోణాల్లో, పది రకాలుగా, రెండు గంటలపాటు, కళ్లు తిప్పుకోలేనంత అందంగా ఉంటుంది. పాత సినిమా మొదట్లోనే వెంటాడే సీనులో ఒక నీలం వ్యాన్ నుజ్జునుజ్జు అవుతుంది, రెప్పవేస్తే దాటిపోయేంత చిన్న షాట్. ఆ వ్యాన్ దర్శకుడి సొంతది. ఇంకోటి లేదు కాబట్టి రెండో టేకు కూడా లేదు.